‘నిన్ను ఎవరు పంపారు?’ – తొలి సంఘంలో అధికారం గురించి మీ ప్రశ్నలు

ప్రియ పాఠకులకు వందనాలు. రెండు నెలలుగా వస్తున్న ఉత్తరాల్లో చాలా వాటిలో ఒకే సందేహం కనిపిస్తోంది. బిషప్ అంటే ఎవరు? ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎవరు ఎవరికి ఇచ్చారు? సంఘ చరిత్ర పాఠం ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి కాబట్టి, ఈ నెల పేజీలన్నీ దీనికే కేటాయించాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

మా వీధిలో కొత్తగా ప్రార్థన మందిరం పెట్టిన ఒకాయన బోర్డు మీద తన పేరుకు ముందు ‘అపొస్తలుడు’, ‘బిషప్’ అని రెండూ రాయించుకున్నారు. మిమ్మల్ని ఎవరు అభిషేకించారని మావారు అడిగితే ‘నేరుగా దేవుడే’ అన్నారట. అపొస్తలుల వారసత్వం అంటే ఇదేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

కాదమ్మా. అపొస్తలుల వారసత్వం అనే ఆలోచన పుట్టిందే ‘నేరుగా దేవుడే’ అనే మాటను పరీక్షించడానికి. నువ్వు చెప్పే సువార్త నీకు ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, నీ తల మీద ఎవరు చేతులుంచారు, అప్పుడు ఏ సంఘం చూస్తూ ఉంది? ఈ ప్రశ్నలకు నలుగురి ముందు జవాబు చెప్పగలగడమే వారసత్వం. మీవారు అడిగింది సరైన ప్రశ్న. తొలి క్రైస్తవులూ అదే అడిగేవారు.

ఈ మాట మనకు స్పష్టంగా కనిపించే పాత పత్రం ఒకటుంది. క్రీ.శ. 96 ప్రాంతంలో రోమా సంఘం కొరింథు సంఘానికి ఒక పెద్ద ఉత్తరం రాసింది. అప్పటి రోమా సంఘ నాయకుడి పేరుతో దాన్ని క్లెమెంట్ ఉత్తరం అంటాం. నిజానికి ఆ ఉత్తరంలో క్లెమెంట్ పేరు ఎక్కడా లేదు. ‘రోమాలో పరదేశిగా ఉంటున్న దేవుని సంఘం’ అని మొదలవుతుంది. అధికారం గురించిన తొలి ఉత్తరం రాసిన మనిషి తన పేరు పెట్టుకోలేదన్న సంగతి నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది.

కొరింథులో జరిగింది ఇది. కొందరు కలిసి, ఏ తప్పూ చేయని సంఘపెద్దల్ని పదవి నుంచి దింపేశారు. ఒకరిద్దరి కోసం ఇంత పాత సంఘం తన పెద్దల మీద తిరగబడడం సిగ్గుచేటు అని రోమా సంఘం రాసింది. తర్వాత అసలు వాదన మొదలుపెట్టింది. క్రీస్తును దేవుడు పంపాడు, అపొస్తలుల్ని క్రీస్తు పంపాడు, అపొస్తలులు ఊరూరా తిరిగి తమ మొదటి విశ్వాసుల్లో పరీక్షకు నిలిచినవాళ్ళను అధ్యక్షులుగా (బిషప్‌లని మనం అనేది వీళ్ళనే), పరిచారకులుగా నియమించారు. ఈ పదవి కోసం గొడవలు వస్తాయని వాళ్ళకు ముందే తెలుసు. అందుకే తాము నియమించినవాళ్ళు చనిపోతే, యోగ్యులైన వేరేవాళ్ళు ఆ పనిలోకి రావాలని ఏర్పాటు చేసి వెళ్ళారు.

ఇక్కడ రెండు షరతులు ఉన్నాయి. వాటిని చాలామంది వదిలేస్తారు. ఒకటి, ఆ నియామకం సంఘమంతటి సమ్మతితో జరిగింది. రెండు, వాళ్ళు మంద దగ్గర నిందలేకుండా, నెమ్మదిగా సేవ చేశారు. ఈ రెండూ ఉన్నవాళ్ళను తీసేయడం చిన్న పాపం కాదు అంటుంది ఉత్తరం. పదవిలో ఉన్నాడు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందని అనలేదు.

ఈ ఉత్తరం నాకు సొంతమైనది. ఎందుకో చెప్పాలి. 1979లో, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, మా సంఘంలో ఒక పెద్ద అయ్యగారు ఉండేవారు. నెమ్మదైన మనిషి. ప్రసంగం చప్పగా ఉండేది. మా యువకులకు మైకులో దడదడలాడించే బోధకుడు కావాలనిపించింది. కమిటీలో ఇద్దరు పెద్దలు మా వైపు చేరారు. ఒక శనివారం రాత్రి చర్చికి కొత్త తాళం వేశాం. ఆ తాళం కొన్నది నేను. ఆదివారం పొద్దున అయ్యగారు వచ్చి, తాళం చూసి, చింతచెట్టు కింద నిలబడి ప్రార్థన చేశారు. వచ్చిన పదిహేను మంది ఆయన చుట్టూ నేల మీద కూర్చున్నారు. నెల తిరిగేలోపు ఆయన ట్రంకు పెట్టెతో బస్సెక్కి వెళ్ళిపోయారు.

నాలుగేళ్ళ తర్వాత వేదాంత కళాశాల లైబ్రరీలో క్లెమెంట్ ఉత్తరం 44వ అధ్యాయం చదువుతుంటే నా చేతులు వణికాయి. అది నాకు రాసిన ఉత్తరం అనిపించింది. సెలవుల్లో ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన గోడ అలమరలోంచి ఒక నోటుబుక్కు తీశారు. అందులో మా సంఘంలో తాను బాప్తిస్మం ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, నా పేరుతో సహా. ఒక్కొక్క పేరు చదువుతూ ‘వీళ్ళు బాగున్నారా’ అని అడిగారు. తాళం సంగతి ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను. ‘తెలుసు నాయనా’ అన్నారు.

కొరింథు కథ మాత్రం బాగా ముగిసింది. రోమా సంఘం ఉత్తరంతో పాటు క్లౌదియస్ ఎఫెబస్, వలేరియస్ బిటో, ఫార్చునేటస్ అనే ముగ్గురిని పంపింది. సమాధాన వార్తతో త్వరగా తిప్పి పంపండి అని అడిగింది. దాదాపు డెబ్బై ఏళ్ళ తర్వాత కొరింథు బిషప్ డయనీసియస్, రోమా సంఘానికి జవాబు రాస్తూ, క్లెమెంట్ ఉత్తరాన్ని ఇప్పటికీ ఆరాధనలో చదువుకుంటున్నామన్నాడు. తమను మందలించిన ఉత్తరాన్ని దాచి, తర్వాతి తరాలకు చదివి వినిపించిన సంఘం అది.

మీ వీధిలోని ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. మర్యాదగానే, ఆ ప్రశ్నే మరోసారి అడగండి.

బైబిల్లో ‘పెద్దలు’, ‘అధ్యక్షులు’ అని రెండు మాటలున్నాయి. ఇద్దరూ ఒకటేనా? మరి ఒక ఊరికి ఒకే బిషప్ అనే పద్ధతి ఎప్పుడొచ్చింది? – సంఘపెద్ద, గుంటూరు

అయ్యా, మొదట్లో ఒకటే. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దల్ని పిలిపించి, అదే ప్రసంగంలో వాళ్ళను అధ్యక్షులంటాడు. తీతు పత్రిక మొదటి అధ్యాయంలోనూ ఊరూరా పెద్దల్ని నియమించమని చెప్పి, రెండు వచనాల తర్వాత అధ్యక్షుడు ఎలా ఉండాలో చెబుతాడు. మనం చూసిన క్లెమెంట్ ఉత్తరంలోనూ ఈ రెండు మాటలకు తేడా కనిపించదు.

ఆ తర్వాత పది పదిహేనేళ్ళకే, సుమారు 110 ప్రాంతంలో, సిరియాలోని అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ దగ్గర వేరే దృశ్యం కనిపిస్తుంది. ఆయన్ని బంధించి, పదిమంది సైనికుల కాపలాలో రోమాకు తీసుకెళ్తున్నారు, మృగాలకు వేయడానికి. ఆ సైనికుల్ని ఆయన పది చిరుతపులులు అన్నాడు. మంచిగా చూస్తే ఇంకా క్రూరంగా తయారవుతారట. ఆ ప్రయాణంలో ఆయన ఏడు ఉత్తరాలు రాశాడు. స్ముర్నలో ఆగినప్పుడు ఎఫెసు, మగ్నీషియా, ట్రాలెస్, రోమా సంఘాలకు నాలుగు. త్రోయ నుంచి ఫిలదెల్ఫియ, స్ముర్న సంఘాలకు, స్ముర్న బిషప్ పాలికార్ప్‌కు మూడు.

రోమా సంఘానికి రాసింది తప్ప మిగిలిన వాటిల్లో ఒకటే మాట: బిషప్‌ను వదిలి ఏమీ చేయకండి. బిషప్ ఎక్కడ కనబడితే ప్రజలు అక్కడ ఉండాలి, యేసు క్రీస్తు ఎక్కడ ఉంటే సార్వత్రిక సంఘం అక్కడ ఉన్నట్టే అని స్ముర్న వాళ్ళకు రాశాడు. ‘సార్వత్రిక సంఘం’ అనే మాట మనకు దొరికిన రాతల్లో మొదటిసారి కనిపించేది అక్కడే.

ఒక్క విషయం గమనించండి. మగ్నీషియా బిషప్ డమాస్ చిన్నవాడు. వయసు చూసి ఆయన్ని చులకన చేయవద్దని ఇగ్నేషియస్ బతిమాలుకున్నాడు. అంటే చులకన చేసేవాళ్ళు ఉన్నారన్నమాట. అందరూ ఒప్పేసుకున్న పద్ధతైతే ఇన్నిసార్లు చెప్పాల్సిన పని ఉండదు. ఒక ఊరికి ఒకే బిషప్ అనే ఏర్పాటు ఆసియా ప్రాంతంలో, అంటే ఇప్పటి టర్కీ పడమటి భాగంలో, అప్పుడప్పుడే గట్టిపడుతోంది. రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో మాత్రం అక్కడి బిషప్ ఊసే లేదు. అక్కడ రెండో శతాబ్దం మధ్య వరకు పెద్దల గుంపే సంఘాన్ని నడిపించిందని చాలామంది చరిత్రకారులు అనుకోవడానికి ఇదొక కారణం.

ఇంకో సంగతి నా విద్యార్థుల్ని ఆశ్చర్యపరిచేది. ఇగ్నేషియస్ పోలికలో బిషప్ తండ్రియైన దేవుని స్థానంలో ఉంటాడు. అపొస్తలుల సభ స్థానంలో ఉండేది పెద్దలు! బిషప్ అపొస్తలుల వారసుడు అనే వాదన ఆయన ఎక్కడా చేయలేదు. ఆయన దిగులంతా సంఘం చీలిపోకూడదనే. చావుకు వెళ్తున్న మనిషి తన ప్రాణం గురించి కాక, ఒక్క బల్ల దగ్గర కూర్చోండి అని ఊరూరా రాయడం చదివినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

నాతో పనిచేసే కేథలిక్ స్నేహితుడు, పేతురు నుంచి నేటి పోపు వరకు గొలుసు తెగలేదంటాడు. చర్చిలో మా పాస్టరు గారేమో అదంతా తర్వాత అల్లిన కథ అంటారు. ఎవరిది నిజం? – ఒక పాఠకుడు, డాలస్

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది తమ్ముడూ. ముందు ఆ జాబితా ఎందుకు పుట్టిందో చూద్దాం.

రెండో శతాబ్దంలో వాలెంటైనస్, బాసిలిడీస్ లాంటి బోధకులు పెద్ద పట్టణాల్లో శిష్యుల్ని పోగుచేశారు. యేసు అందరికీ చెప్పింది ఒకటి, కొద్దిమందికి చాటుగా చెప్పింది ఇంకొకటి, ఆ రహస్యం మా దగ్గర ఉంది అనేది ఈ తరహా బోధ. వాళ్ళకూ గొలుసు ఉంది! పౌలు శిష్యుడు థ్యూడస్ దగ్గర వాలెంటైనస్ నేర్చుకున్నాడని, పేతురు మాటల్ని తర్జుమా చేసిన గ్లాకియస్ దగ్గర బాసిలిడీస్ నేర్చుకున్నాడని వాళ్ళ అనుచరులు చెప్పుకునేవారు.

దానికి జవాబు చెప్పినవాడు ఐరేనియస్. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ బిషప్. 177లో అక్కడ భయంకరమైన హింస జరిగి, ముసలి బిషప్ పోథినస్ చెరసాలలో చనిపోతే, ఆయన తర్వాత ఈయన వచ్చాడు. 180 ప్రాంతంలో తప్పుడు బోధల మీద ఐదు సంపుటాల పుస్తకం రాశాడు. ఆయన వాదన మా అమ్మమ్మకు చెప్పినా అర్థమయ్యేంత సూటిగా ఉంటుంది. అపొస్తలులకు నిజంగా రహస్య బోధ ఉంటే, తమ సంఘాలనే ఎవరి చేతుల్లో పెట్టారో వాళ్ళకు చెప్పకుండా దాస్తారా? వాళ్ళు ఎవరో మాకు తెలుసు, పేర్లు చెబుతాం, వచ్చి వినండి. అన్ని సంఘాల జాబితా ఇస్తే చాలా పొడుగవుతుందని, రోమా జాబితా ఒక్కటే ఇచ్చాడు. లినస్, అనక్లీటస్, క్లెమెంట్, ఎవరిస్టస్, అలెగ్జాండర్, సిక్స్టస్, టెలెస్ఫరస్, హైజినస్, పయస్, అనికేటస్, సోటర్, ఎల్యుథీరియస్. మొత్తం పన్నెండు మంది. ఈ లినస్, మన తెలుగు బైబిల్లో రెండో తిమోతి పత్రిక చివర వందనాలు చెప్పే ‘లిను’యేనని కూడా ఐరేనియస్ అన్నాడు.

చూశారా, ఆ జాబితా సింహాసనం కోసం తయారైంది కాదు. అది సాక్షుల జాబితా. తలుపులు తెరిచి, అందరి ముందు, వరసగా ఇదే సువార్త చెప్పారనడానికి రుజువు.

మీ పాస్టరు గారి మాటలో ఉన్న నిజం కూడా చెబుతాను. జాబితా మొదటి పేర్లలో చిక్కులున్నాయి. ఐరేనియస్ క్లెమెంట్‌ను మూడోవాడిగా పెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆఫ్రికాలోని క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్, క్లెమెంట్‌ను పేతురే నియమించాడని రోమా సంఘం చెబుతుందని రాశాడు. పైన చెప్పినట్టు, మొదటి తరాల్లో రోమాలో ఒకే బిషప్ ఉన్నాడా అన్నదే సందేహం. పెద్దల గుంపులో పేరున్నవాళ్ళను తర్వాతి తరం వరసగా పేర్చి ఉండవచ్చు. అంతమాత్రాన అది అల్లిన కథ కాదు. మన ఇళ్ళలో ముత్తాతల పేర్లు చెప్పేటప్పుడు అన్నదమ్ముల వరస తారుమారవుతుంది. అయినా ఆ మనుషులు ఉన్నారు కదా.

నన్ను అడిగితే, ఐరేనియస్ దగ్గర జాబితా కన్నా బలమైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఆయన చిన్ననాటి పరిచయస్థుడు ఫ్లోరినస్ తప్పుడు బోధలో పడితే, ఐరేనియస్ అతనికి ఉత్తరం రాశాడు. నాలుగో శతాబ్దపు యూసేబియస్ తన సంఘ చరిత్రలో అందులో కొంత భాగం భద్రపరిచాడు. నిన్నమొన్నటి సంగతుల కన్నా ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి అంటాడు. పాలికార్ప్ ఎక్కడ కూర్చుని మాట్లాడేవాడో, ఎలా నడిచి వచ్చేవాడో, మనిషి ఎలా ఉండేవాడో, యోహానుతో, ప్రభువును చూసిన మిగతావాళ్ళతో తన పరిచయం గురించి ఏం చెప్పేవాడో చెప్పగలను. కాగితం మీద కాదు, గుండెలో రాసుకున్నాను. ఇదీ ఆ ఉత్తరం సారాంశం.

యోహాను, ఆయన్ని చూసిన పాలికార్ప్, పాలికార్ప్‌ను చూసిన పిల్లవాడు ఐరేనియస్. ప్రభువుకూ ఐరేనియస్‌కూ మధ్య ఉన్నది ఇద్దరే మనుషులు. వారసత్వం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ దృశ్యం. ఒక పిల్లవాడు ఒక ముసలాయన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు.

అదే ఐరేనియస్ తన నాలుగో సంపుటంలో ఇంకో మాట కలిపాడు. వరసలో వచ్చినా, కోరికలకు దాసులై, పెద్దరికం చూసుకుని ఇతరుల్ని తృణీకరించే పెద్దలకు దూరంగా ఉండమన్నాడు. వరసతో పాటు సత్యమూ బతుకూ ఉండాలి. ఈ మాట మీ స్నేహితుడికీ చెప్పండి, మీ పాస్టరు గారికీ చెప్పండి.

బిషప్ అభిషేకానికి ముగ్గురు బిషప్‌లు ఉండాలంటారు ఎందుకు? – వేదాంత విద్యార్థి, విజయవాడ

325లో జరిగిన నైసియా సభ నాలుగో నియమం అది. ఆ రాష్ట్రంలోని బిషప్‌లందరూ కలిసి నియమించడం మంచిది, కుదరకపోతే కనీసం ముగ్గురు రావాలి, రానివాళ్ళు ఉత్తరంలో సమ్మతి తెలపాలి. ఒక్కడు ఇంకొకణ్ణి చాటుగా బిషప్‌ను చేయకుండా కట్టడి అది. అయితే ఎంపికలో ప్రజల గొంతు అప్పటికీ ఉంది. 374లో మిలాన్‌లో గొడవ ఆపడానికి వచ్చిన రాష్ట్రపాలకుడు ఆంబ్రోస్‌నే జనం బిషప్‌గా కావాలని కేకలు వేశారు. ఆయనకు అప్పటికి బాప్తిస్మం కూడా కాలేదు. కొద్ది రోజుల్లో బాప్తిస్మం, అభిషేకం రెండూ జరిగాయి.

ఊరూరా తిరిగే ప్రసంగీకుల్లో మంచివాళ్ళెవరో తొలి సంఘం ఎలా తెలుసుకునేది? మేము మోసపోయాం. – ఒక కుటుంబం, నెల్లూరు

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. అమ్ముకున్న గొలుసు సంగతి ఇక్కడ రాయను.

‘డిడాకీ’ అనే చిన్న పుస్తకం ఉంది. ఆ మాటకు బోధ అని అర్థం. పూర్తి పేరు పన్నెండుమంది అపొస్తలుల బోధ. మొదటి శతాబ్దం చివరో, రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఎన్నో శతాబ్దాలు కనబడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిలొథియోస్ బ్రయెన్నియోస్ అనే గురువుకు దొరికింది. ఆయన 1883లో అచ్చు వేయించాడు.

అందులోని పరీక్షలు ఇవి. తిరుగుతూ వచ్చిన అపొస్తలుణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండి. ఒక రోజు ఉంటాడు, అవసరమైతే రెండో రోజు కూడా. మూడు రోజులు ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు దారికి రొట్టె మాత్రమే తీసుకోవాలి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉన్నానంటూ ‘నాకు డబ్బివ్వండి’ అంటే వినకండి. లేనివాళ్ళ కోసం ఇవ్వమంటే మాత్రం ఎవరూ తప్పుపట్టకూడదు. కొన్ని అధ్యాయాల తర్వాత, మీ కోసం మీరే అధ్యక్షుల్నీ పరిచారకుల్నీ ఎన్నుకోండి, సాత్వికులు, ధనాశ లేనివాళ్ళు అయి ఉండాలి అంటుంది. ఊళ్ళో ఉండే, అందరూ ఎరిగిన సేవకుల విలువ ఎలా పెరిగిందో ఈ రెండు మూడు పేజీల్లో తెలుస్తుంది. మీ ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గారు తర్వాత ఘోరమైన తప్పు చేసి సేవ వదిలేశారు. నా బాప్తిస్మం చెల్లుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. – పేరు వద్దన్న పాఠకురాలు

చెల్లుతుందమ్మా. టెన్షన్ పడకండి. మీ ప్రశ్న కోసం ఉత్తర ఆఫ్రికా సంఘం వందేళ్ళు రెండుగా చీలి బాధపడింది.

303లో డయోక్లీషియన్ చక్రవర్తి లేఖనాలన్నీ అప్పగించి కాల్చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. కొందరు బిషప్‌లు భయపడి అప్పగించారు. హింస ఆగాక, 311 ప్రాంతంలో కార్తేజ్‌కు సెసీలియన్ బిషప్ అయ్యాడు. ఆయన తల మీద చేతులుంచిన ఫెలిక్స్ లేఖనాలు అప్పగించినవాడని, కాబట్టి ఈ అభిషేకం చెల్లదని ఒక వర్గం వేరే బిషప్‌ను పెట్టుకుంది. తర్వాత వాళ్ళ నాయకుడు డొనాటస్ పేరుతో అది డొనాటిస్టు సంఘమైంది. విచారణ జరిపితే ఫెలిక్స్ నిర్దోషి అని తేలింది. అయినా చీలిక మానలేదు. 411లో కార్తేజ్‌లో రెండు వర్గాల బిషప్‌లు ఐదువందల మందికి పైగా ఎదురెదురుగా కూర్చున్నారు.

డొనాటిస్టుల మీద నాకు కోపం లేదు. హింసలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ పిల్లలకు, అప్పగించి బతికిపోయినవాళ్ళను చూస్తే ఎలా ఉంటుంది? కానీ ఆ కాలపు ఆఫ్రికా బిషప్ అగస్టీన్ చెప్పిన జవాబే సరైనది. పేతురు బాప్తిస్మం ఇచ్చినా క్రీస్తే ఇస్తున్నాడు, యేసును అప్పగించిన యూదా ఇచ్చినా క్రీస్తే ఇస్తున్నాడు. ఇచ్చేవాడి శుద్ధి మీద అది ఆధారపడితే, మనలో ఎవరూ ఒక్క రాత్రి కూడా నిశ్చింతగా నిద్రపోలేం. ఆయన చేసిన తప్పుకు విచారణ జరగాలి, అది వేరే విషయం. మీకు అన్యాయం జరిగి ఉంటే చెప్పండి, దాచకండి. మీ బాప్తిస్మం మాత్రం మీదే.

మేము బాప్టిస్టులం. మాకు బిషప్‌లు లేరు. వారసత్వం లేదు కాబట్టి మీది అసలు సంఘమే కాదని ఒక బంధువు పెళ్ళిలో అన్నాడు. – ఒక పాఠకుడు, ఒంగోలు

పెళ్ళిలో అనాల్సిన మాటా అది? ఇదే ప్రశ్నకు మన దక్షిణ భారతంలో ప్రపంచమంతా చూసిన ఒక జవాబు దొరికింది. అది మీ బంధువుకు చెప్పండి.

డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందారు. సంఘాల ఐక్యత కోసం జీవితాంతం శ్రమించి, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఐక్యత కళ్ళారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సి.ఎస్.ఐ., పుట్టింది. ఆంగ్లికన్లు బిషప్‌ల వరసను తెచ్చారు. మెథడిస్టులకు, ప్రెస్బిటేరియన్లకు, కాంగ్రిగేషనల్ వారికి ఇక్కడ ఆ వరస లేదు. ఏం చేశారు? ఇక మీదట జరిగే అభిషేకాలన్నీ బిషప్ చేతుల మీదుగా జరుగుతాయి. కానీ ఇప్పటికే సేవలో ఉన్నవాళ్ళలో ఎవరికీ రెండోసారి అభిషేకం చేయం, వాళ్ళ సేవను ఉన్నదున్నట్టు అంగీకరిస్తాం అన్నారు. బిషప్‌ల వరసను దేవుడిచ్చిన వరంగా తీసుకున్నారు. అది లేనివాళ్ళను మాత్రం బయటివాళ్ళుగా చూడలేదు.

అది అందరికీ నచ్చలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు ఆ రోజు రాలేదు, చాలా ఏళ్ళకు గానీ కలవలేదు. వాళ్ళ మనస్సాక్షిని నేను గౌరవిస్తాను. అయినా 1947లో తీసుకున్న నిర్ణయం సరైనదని నా నమ్మకం. మీ బాప్టిస్టు సంఘం దానిలో చేరలేదు, చేరాలని నేను అనను. కానీ సంఘమంతటి సమ్మతి అని క్లెమెంట్ ఉత్తరం చెప్పింది చూడండి, ఆ సగాన్ని మీవాళ్ళు జాగ్రత్తగా కాపాడారు. మా వాళ్ళు చాలాసార్లు మరిచిపోయారు.

క్రిస్మస్ ఆరాధన రాత్రా, తెల్లవారుజామా అని మా చర్చిలో రెండు వర్గాలయ్యాయి. మాట విననివాళ్ళను వెలివేయాలని కొందరంటున్నారు. బిషప్ గారికి ఉత్తరం రాయబోతున్నాం. – యువజన కార్యదర్శి, రాజమండ్రి

తమ్ముడూ, ఆ ఉత్తరం పోస్టు చేయకముందు ఇది చదువు.

రెండో శతాబ్దంలో పస్కా పండుగ మీద ఇంతకన్నా పెద్ద గొడవ ఉంది. ఆసియా సంఘాలు యూదుల నీసాను నెల 14న, ఏ వారమైనా సరే, పండుగ చేసేవి. అపొస్తలుడైన యోహాను దగ్గర నేర్చుకున్నాం అనేవి. రోమా సంఘం ఆదివారమే చేసేది. 155 ప్రాంతంలో స్ముర్న నుంచి ముసలి పాలికార్ప్ రోమాకు వెళ్ళి, అక్కడి బిషప్ అనికేటస్‌తో మాట్లాడాడు. ఆయన ఈయన్ని ఒప్పించలేకపోయాడు, ఈయన ఆయన్నీ ఒప్పించలేకపోయాడు. అప్పుడు అనికేటస్ తన సంఘంలో ప్రభువు బల్ల నడిపించే స్థానాన్ని పాలికార్ప్‌కు ఇచ్చాడు, గౌరవంతో. తేదీ మీద ఎవరి పద్ధతి వారిదే. ఇద్దరూ సమాధానంగా విడిపోయారు. కొద్ది కాలానికే పాలికార్ప్ స్ముర్నలో హతసాక్షి అయ్యాడు. ఎనభై ఆరేళ్ళు క్రీస్తును సేవించాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు అని పాలికార్ప్ అన్నది ఆ రోజే.

190 ప్రాంతంలో రోమా బిషప్ విక్టర్‌కు ఆ ఓపిక లేకపోయింది. ఆసియా సంఘాలన్నిటినీ సహవాసం నుంచి తీసేయబోయాడు. ఎఫెసు బిషప్ పాలిక్రటీస్ జవాబు రాశాడు. నా బంధువుల్లో ఏడుగురు బిషప్‌లు, నేను ఎనిమిదోవాణ్ణి, ప్రభువులో అరవై ఐదేళ్ళు గడిపాను, బెదిరింపులకు భయపడను అన్నాడు. అప్పుడు ఐరేనియస్ కలగజేసుకున్నాడు. తాను ఆదివారమే పండుగ చేసేవాడు, అంటే విక్టర్ పక్షమే. అయినా విక్టర్‌కే రాశాడు: నీ ముందున్న అనికేటస్ ఏం చేశాడో గుర్తు చేసుకో. పాలికార్ప్ బల్ల నడిపించిన సంగతి మనకు తెలిసింది ఆ ఉత్తరం వల్లే.

మీ బిషప్ గారికి రాయండి, ఆయన ఏ సమయం చెబితే దానికి కట్టుబడండి. వెలి మాట మాత్రం ఉత్తరంలోంచి కొట్టేయండి. ఆ రోజు మీ సమయమే ఖాయమైతే, అవతలి వర్గంలో అందరికన్నా పెద్దాయన ఇంటికి ముందే వెళ్ళి, ఆరాధనలో మొదటి వాక్యం మీరే చదవాలి తాతగారూ అని అడగండి. చలికి ఆయన రాలేనంటే, ఆటో పంపండి.